మంగళవారం గొంతు

ఆ వానాకాలమంతా మా అత్త హాల్లో దివాన్ మీద పడుకుంది. రెండో బెడ్‌రూమ్‌లో మా ఆయన చర్చి కట్టుకున్నాడు మరి.

చర్చి అంటే నిజం చర్చి కాదు, ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. మైకులో మనం "అ" అంటే, ఆ "అ" ఎక్కడో పెద్ద రాతి చర్చిలో అన్నట్టు మోగుతుంది. చర్చి వద్దనుకుంటే గుహ ఉంది, స్టేడియం ఉంది, నీళ్ళ ట్యాంకు ఉంది. గోపన్‌పల్లిలో మా డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఇన్ని కట్టడాలు పట్టాయి గానీ, మోకాళ్ళ వైద్యానికని ప్రొద్దుటూరు నుంచి వచ్చిన కన్నతల్లికి మంచం వేసే చోటు మాత్రం పట్టలేదు. అదేంటని అడిగితే "అది స్టూడియో సుషీ, ట్రీట్ చేసిన రూమ్" అన్నాడు. గోడలకి కోడిగుడ్ల అట్టల్లాంటి నల్ల స్పాంజి అంటించడాన్ని ట్రీట్ చేయడం అంటారని నాకప్పుడే తెలిసింది.

మా ఆయన పేరు గిరీష్. మాదాపూర్‌లో ఒక కంపెనీలో ఆర్కిటెక్టు. ఇళ్ళకి కాదు, సాఫ్ట్‌వేర్‌కి. అంటే బోర్డు మీద డబ్బాలు గీసి, వాటి మధ్య బాణాలు వేసి, ఆ బాణాలు ఎలా పనిచేస్తాయో మిగతావాళ్ళని కనుక్కోమనే ఉద్యోగం. నేను టెస్టర్‌ని. అలాంటివాళ్ళు చేసినదాంట్లో తప్పులు పట్టుకోవడం నా పని. ఏప్రిల్‌లో మా కంపెనీ మా టీమ్ మొత్తాన్ని ఇంటికి పంపేదాకా అదే చేశాను. ఇకమీదట మా పని ఒక ప్రోగ్రామ్ చేస్తుందట. ఆ ప్రోగ్రామ్ ఎవరి మొహం మీదా "ఇది పనిచేయట్లేదు" అనదు. అందుకే అందరికీ అంత నచ్చి ఉంటుంది.

ఉద్యోగం పోయినవాళ్ళకి ఈ ఊళ్ళో అందరూ ఒకటే చెప్తారు, ఏదైనా కొత్తది నేర్చుకో అని. నేను పాతది బయటికి తీశాను. కాలేజీలో గ్రూపు పాటల్లో పాడేదాన్ని. గ్రూపు అంటే నలుగురు కావాలి. హైటెక్ సిటీ చుట్టుపక్కల నలుగురికి ఒకే సాయంత్రం ఖాళీ దొరకాలంటే బంద్ జరగాలి. అందుకని ఒక లూప్ పెడల్ కొనుక్కున్నాను. ఇటుకంత ఇనప పెట్టె, మీద రెండు బటన్లు. కాలితో తొక్కితే నా గొంతు పట్టుకుంటుంది. మళ్ళీ తొక్కితే, పట్టుకున్నదాన్ని తిప్పి తిప్పి వినిపిస్తుంది. దానిమీద ఇంకో గొంతు కలపచ్చు, దానిమీద ఇంకోటి. రెండో బటన్ తొక్కి పట్టుకుంటే అంతా చెరిగిపోతుంది. ఎఫెక్టులంటారా, ఒక ఎకో ఉంది. అంతే.

మా అత్త పార్వతమ్మ మొదటిసారి చూసినప్పుడు గుమ్మంలో నిలబడి అడిగింది.

"నలుగురు పాడే పాట నువ్వొక్కదానివే పాడితే ఎట్లమ్మే? మిగతా ముగ్గురూ యాడ పోయినారు?"

"ఆ ముగ్గురూ నేనే అత్తా."

"అయితే కొట్లాటలుండవులే," అని కుక్కర్ దగ్గరికి వెళ్ళిపోయింది.

మర్నాడు తన సంచిలోంచి చెక్కలు తీసి ఇచ్చింది. చెక్కభజన చెక్కలు. అరచేతిలో పట్టేంత కొయ్యముక్కల జతలు, వాటి అంచుల్లో చిన్న ఇత్తడి బిళ్ళలు. వాళ్ళ ఊరి ఆడవాళ్ళ జట్టులో ఎన్నో శ్రీరామనవములు ఆడి ఆడి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి ఆమె. ముందు చెక్కలు మోగించి లూప్‌లో పడేసి, దానిమీద పాట అల్లుకోవడం నాకు అలవాటైంది. పాట కూడా నేనే కట్టుకున్నాను. "ఎవరి గొడుగు కింద ఎవరు నిలిచిరో" అని మొదలవుతుంది. గచ్చిబౌలి జంక్షన్‌లో వాన పట్టుకున్న సాయంత్రం, ఆఫీసు బస్సుల కోసం నిలబడ్డవాళ్ళని చూసి కట్టాను.

కొండాపూర్‌లో ఒక కాఫీ హౌస్ ఉంది. నడిపేది వసంత గారు. సిద్దిపేట మనిషి, మొహమాటం లేని మనిషి. నా పాట విని ఆమె చెప్పింది ఇంతే.

"ఈ వానకాలం అయ్యేదాంక శనివారం శనివారం జూస్త మేడం. మీరొక వారం, ఇంకో ఇద్దరు పోరగాండ్లున్నరు, వాళ్ళొక వారం. దసరాకి ఒకల్ని ఫిక్స్ చేస్త. ఇగ ఏడాదంత శనివారాలు వాళ్ళయే."

నాకా శనివారాలు కావాలి. ఇంటికి పంపినవాళ్ళ మీద కసితో కాదు. పొద్దున లేవగానే ఈరోజు నేనెవరు అని తడుముకోకుండా ఉండటానికి నాకు వారంలో ఒక్క సాయంత్రమైనా కావాలి.

మొదటి శనివారం పెడల్‌తోనే పాడాను. బాగానే జరిగింది గానీ, రెండో గొంతు కలిపేటప్పుడు కౌంటర్ దగ్గర కాఫీ గింజలు ఆడించారు. పెడల్‌కి నాది, గ్రైండర్‌ది అని తేడా ఏముంది? రెండూ పట్టుకుంది. మిగతా పాటంతా నా గొంతు వెనకాల గ్రైండర్ గుర్రుమంటూ తిరిగింది. జనం నవ్వారు, నేనూ నవ్వాను. గిరీష్ నవ్వలేదు. దారి పొడుగునా, ఆఫీసులో సర్వర్ పడిపోయినవాడి మొహం పెట్టుకుని కారు నడిపాడు. ఇంటికొచ్చాక, నన్ను కాపాడాలని నిశ్చయించుకున్నట్టు ప్రకటించాడు.

గిరీష్ స్నేహితుడు అనిల్ ఆదివారం బిర్యానీ వేళకి వస్తాడు. కాకినాడ వాడు. అదే కంపెనీలో పక్క బోర్డు మీద డబ్బాలు గీస్తాడు. గిరీష్‌ది సాఫ్ట్‌వేర్ మతమైతే అతనిది హార్డ్‌వేర్ మతం. ఒక్కో ఎఫెక్టుకి ఒక్కో పెడల్ చొప్పున వాళ్ళింట్లో అల్మరా నిండా ఉన్నాయి, అట్టపెట్టెలతో సహా. తీసి గిటార్‌కి తగిలించడు, గీతలు పడతాయని.

"ల్యాప్‌టాప్‌లో ఎంత చేసినా ఆ వెచ్చదనం రాదండీ సుష్మ గారూ," అన్నాడు లెగ్ పీస్ కొరుకుతూ. "ఎకో అనేది ఇనుములోంచి రావాలండీ."

"వెచ్చదనం ఏంట్రా, అదేమన్నా దుప్పటా?" అన్నాడు గిరీష్. "నీ దగ్గర ఒక ఎకో ఉంటే నా దగ్గర నలభై ఉన్నాయి. తప్పు పోతే అన్‌డూ కొడతాను. నీ ఇనుములో అన్‌డూ ఉందా?"

"నలభైట్లో ఎన్ని వాడావు?"

"వాడటం కాదురా, ఆప్షన్ ఉండటం ముఖ్యం."

"గొంతు నీ ల్యాప్‌టాప్‌లోకెళ్ళి బయటికొచ్చేసరికి ఒక రెప్పపాటు లేటవుద్ది. పాడేవాళ్ళకి తెలుస్తుందది."

"నా మెషీన్‌లో బాగానే పనిచేస్తోంది."

ఈ మాట పదేళ్ళకి పైగా రోజూ విన్నాను నేను. ఈ ఊళ్ళో డెవలపర్లు పొద్దున లేచి దేవుడికి దణ్ణం పెట్టుకుంటారో లేదో గానీ, ఈ మాట అనకుండా మాత్రం ఉండరు. ఇద్దరూ చేతులు ఎండబెట్టుకుని గంటసేపు వాదించుకున్నారు. ఇద్దరిలో ఒక్కడు ఒక్క పాట మొదట్నుంచి చివరిదాకా వాయించగా నేను చూడలేదు. నేను అక్కడే ఉన్నాను. నీకేది కావాలని ఇద్దరిలో ఎవడూ అడగలేదు.

మా అత్త రైతా గిన్నె తెచ్చి నా చెవిలో అడిగింది. "వీళ్ళు ఏం పాడతారమ్మే?"

"ఏం పాడరత్తా."

"మరి దేనికి కొట్లాడుకుంటాండారు?"

"నేను దేంట్లో పాడాలో తేల్చుకుంటున్నారు."

"ఓహో," అని కూర్చుని, తన పళ్ళెంలో రెండు ముక్కలు ఎక్కువే వేసుకుంది.

చివరికి ల్యాప్‌టాప్‌కే ఒప్పుకున్నాను. వాళ్ళ వాదన విని కాదు. ఆ ఇద్దరు కుర్రాళ్ళు వాళ్ళ వంతు శనివారం ల్యాప్‌టాప్‌తో వచ్చి, వసంత గారి అద్దాల తలుపులు అదిరేట్టు మోగించి వెళ్ళారు. వాళ్ళ పాటలో గ్రైండర్ లేదు. శనివారాలు చేజారతాయని భయం వేసింది నాకు.

గిరీష్‌కి మంగళవారం ఇంటి నుంచి పని. అందుకని రిహార్సల్ మంగళవారాలు పెట్టాడు. నా కాలి కింద ఒక ప్లాస్టిక్ స్విచ్ పెట్టి దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపాడు. "నువ్వు తొక్కు, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. చెవిలో ఒక బుడిపె పెట్టి, అందులో టక్ టక్ మని తాళం పెట్టి, దాన్ని దాటి పోవద్దన్నాడు. చెక్కభజన అట్లా ఒకచోట నిలబడేది కాదు. నెమ్మదిగా మొదలై పోను పోను ఉరకాలి, ఆడేవాళ్ళకి ఆయాసం రావాలి. గది బయట దివాన్ మీద కూర్చుని వింటున్న మా అత్త రెండుసార్లు కేకేసింది, "ఉరకండే, ఉరకండే" అని. టక్ టక్ ఉరకలేదు. నేనూ ఉరకలేదు.

కానీ బాగుంది. ఆ మాట కూడా చెప్పాలి. నా గొంతుకి చర్చి తోడై, కింద బరువైన ఇంకో గొంతు తోడై, నాకే ముచ్చటేసింది. ఆ తర్వాత నా వంతు శనివారాలు మచ్చ లేకుండా జరిగాయి. వసంత గారు కాఫీతో పాటు ఉస్మానియా బిస్కట్లు కూడా పంపడం మొదలుపెట్టింది. గిరీష్ పక్క బల్ల మీద ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, తలూపుతూ, నా కంటే ఎక్కువ ఫొటోల్లో పడ్డాడు. "మా ఇద్దరి ప్రాజెక్టు" అని ఆఫీసులో చెప్పుకున్నాడట. ఆ తర్వాత "నా ప్రాజెక్టు" అన్నాడట. అనిల్ చెప్పాడు, తన మతం ఓడిపోయిన కడుపుమంటతో.

సెప్టెంబరులో వానలు వదల్లేదు. ఒక శనివారం పొద్దున లేచేసరికి నా గొంతు పట్టేసింది. మిరియాల పాలు తాగాను, ఆవిరి పట్టాను. సాయంత్రానికి మాట వచ్చింది గానీ పైస్థాయి రాలేదు. అయినా వెళ్ళాం. మా అత్త కూడా వచ్చింది.

చెక్కలు మోగించాను. స్విచ్ తొక్కి మొదటి పాదం పాడాను. పైకి వెళ్ళేచోట గొంతు చీలింది. బాగా చీలింది, ముందు బల్ల దగ్గర కూర్చున్నామె తల కూడా ఎత్తింది. సరే, ఇక పాటంతా ఆ చీలిక తిరుగుతుంది, దాన్ని ఎట్లా కప్పాలా అనుకుంటూ మళ్ళీ తొక్కాను.

చీలిక రాలేదు. పాదం తేటగా, నున్నగా తిరిగొచ్చింది.

గిరీష్ ఏదో శుభ్రం చేసే ఎఫెక్టు పెట్టాడేమో అనుకున్నాను. కానీ నేను టెస్టర్‌ని, ఒక్కసారి చూసి వదిలే అలవాటు లేదు. రెండో గొంతు కలిపేటప్పుడు కావాలనే మాట మార్చాను. ఎవరి గొడుగు కింద అనాల్సినచోట ఎవరి గుడిసె కింద అన్నాను. తొక్కాను. నేను గుడిసె అన్నాను, నా గొంతు గొడుగు అంది.

మూడోసారి స్విచ్ తొక్కి, మైకు ముందు నోరు మూసుకుని నిలబడ్డాను. మళ్ళీ తొక్కాను. నేను పాడని మూడో గొంతు వచ్చి మిగతా రెండిటితో చక్కగా కలిసింది. మూడు గొంతులూ నావే. ఒక్కటీ నేను ఆరోజు పాడింది కాదు. జనం చప్పట్లు కొట్టారు. ఇద్దరు లేచి నిలబడి కొట్టారు. గిరీష్ ల్యాప్‌టాప్ వెనక నుంచి నాకు బొటనవేలు చూపించాడు.

చివరిదాకా పెదాలు కదిపాను. ఏం చేయాలో తోచక కదిపాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద వానకి బళ్ళు ఆగిపోయాయి. వెనక సీట్లో మా అత్త కళ్ళు మూసుకుని ఉంది.

"నోరు మూసుకుని నిలబడ్డాను గిరీష్. పాట వచ్చింది," అన్నాను.

"ఓ, అదా. ఫాల్‌బ్యాక్," అన్నాడు తేలిగ్గా. "మంగళవారం రిహార్సల్‌లో నువ్వు పాడింది లోడ్ చేసి పెట్టా. నువ్వు తొక్కితే అది ప్లే అవుతుంది. నీకు గొంతు పట్టింది కదా, ఇవాళ మొత్తం దానిమీదే నడిపించా."

"ఇవాళ మొత్తం?"

"ఇంతకుముందు కొన్ని లేయర్లే. రిస్క్ ఉన్నచోట."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే టెన్షన్ పడతావని. సుషీ, డెమోలో ఎవరైనా లైవ్ డేటా పెడతారా? క్లయింటుని ముందు కూర్చోబెట్టుకుని, సర్వర్ అప్పటికప్పుడు ఏం చెప్తే అది చూపిస్తారా? అంతా ముందే రెడీ చేసి పెట్టుకుంటాం. బటన్ నొక్కుతాం, వస్తుంది. అందరం చేసేదే కదా. నీకు తెలియదా?"

తెలుసు. డెమోకి ముందురోజు, ఏ బటన్ నొక్కితే బండారం బయటపడుతుందో వెతికి చెప్పే పని మాదే. ఇక్కడి అద్దాల మేడల్లో సగం అట్లా నొక్కకుండా వదిలేసిన బటన్ల మీదే నిలబడి ఉంటాయి.

"ఇది డెమో కాదు," అన్నాను.

"మరేంటి?"

వెటకారంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగాడు. అదే నన్ను ఎక్కువ మండించింది.

"నీ గొంతే కదా సుషీ. నేనేమీ వేరేవాళ్ళది పెట్టలేదు. మంగళవారం నువ్వు ఎంత బాగా పాడావో తెలుసా? చెప్పాలంటే, శనివారం సుష్మ కంటే మంగళవారం సుష్మ బెటర్."

సవతిని తెచ్చినా నాకంత మంట ఉండేది కాదేమో. ఆమెనైనా జుట్టు పట్టుకుని అడగచ్చు. ఏప్రిల్‌లో నా పనిని ఒక ప్రోగ్రామ్‌కి ఇచ్చారు. ఇప్పుడు నా నోటిని కూడా ఇచ్చేశారు, అదీ మొగుడే దగ్గరుండి ఇచ్చాడు.

వెనక నుంచి మా అత్త కళ్ళు తెరవకుండానే అంది. "ఆ ఏసీ తగ్గించు నాయనా. దానికి గొంతు పట్టింది."

సోమవారం వసంత గారు ఫోన్ చేసింది.

"మేడం, మొన్న మస్తుండె. ఎవలో వీడియో తీసి పెట్టిండ్రట, ఒక కంపెనోళ్ళు జూసిండ్రు. వాళ్ళ ఫ్యామిలీ డేకి మీరే గావాల్నంట. గట్లనే పాడాల్నంట, సేమ్ టు సేమ్."

"సేమ్ టు సేమ్ రాదు వసంత గారూ. ఆ పాడినామె మంగళవారాలే దొరుకుతుంది."

"ఏంది?"

చెప్పాను. ముందే రికార్డు చేసి పెట్టిందని, నేను ఊరికే నోరు కదిపానని.

"జనానికి తెల్వలే గదా?"

"తెలియలేదు."

"మరింగ ఫికర్ ఎందుకు మేడం?"

ఆమెని మాత్రం ఏమనగలను? ఫోన్లో ఆర్డరిస్తే ఇంట్లో వండినట్టు సాంబారు తెచ్చిచ్చే ఊరు ఇది. ఎవడి మూకుట్లో మరిగిందో ఎవరికీ అక్కర్లేదు. అయినా చెప్పాను, ఆఖరి శనివారం నా పాత పెడల్‌తో పాడతాను, నచ్చకపోతే శనివారాలు ఆ కుర్రాళ్ళకే ఇచ్చెయ్యమని.

"మీ ఇష్టం," అంది వసంత గారు. "నేనైతే మంచిగున్నదానికే ఇస్త. ముందే జెప్తున్న, మల్ల అనుకోవద్దు."

గిరీష్ ఈ సంగతి విని ఒక ప్రెజెంటేషన్ తయారుచేశాడు. అబద్ధం కాదు. పెడల్‌తో ఉన్న రిస్కులు ఎర్ర రంగులో, ల్యాప్‌టాప్ లాభాలు పచ్చ రంగులో. టీవీకి కలిపి హాల్లో చూపించాడు. ఎదురుగా దివాన్ మీద మా అత్త మోకాళ్ళకి తైలం రాసుకుంటోంది. రెండో పేజీ దగ్గర ఆమె రిమోట్ అందుకుని సీరియల్ పెట్టుకుంది.

దసరాకి ముందు శనివారం కూడా వాన పడింది. కాఫీ హౌస్ సగమే నిండింది. పెడల్‌ని మా అత్త పాత చీర ముక్కలో చుట్టి తీసుకెళ్ళాను. గిరీష్ మాట వినలేదు. పక్క బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు.

"నేను టచ్ చెయ్యను. ఊరికే ఉండనీ," అన్నాడు.

"ఎందుకది?"

"ఉంటే ధైర్యం కదా."

ధైర్యం ఎవరికో చెప్పలేదు. నేను చెవిలో బుడిపె పెట్టుకోలేదు. చెక్కలు మోగించి తొక్కాను. చెక్కలు తిరగడం మొదలైంది. నా చెయ్యి కొంచెం వంకరగా పడినచోట ప్రతిసారీ వంకరగానే పడింది. కౌంటర్ దగ్గర నిలబడి చూస్తున్న వసంత గారి మొహంలో ఏమీ లేదు. ఈ శనివారాలు పోతే మళ్ళీ అడిగే చోటు నాకు లేదు.

రెండోసారి తొక్కి, ఊపిరి పీల్చి పాదం అందుకున్నాను. పాట పాదం ముగియబోతుండగా, గిరీష్ కుర్చీలోంచి ముందుకి వంగాడు. గుసగుస అనుకున్నాడు పాపం. వాళ్ళ వంశంలో గుసగుస ఎవరికీ చేతకాదు. ఆయన నోరు నా మైకుకి జానెడు దూరంలో ఉంది.

"సుషీ, ల్యాప్‌టాప్ ఆన్‌లోనే ఉంది."

అప్పటికే కాలు పడింది.

ఎవరి గొడుగు కింద ఎవరు నిలిచిరో. సుషీ, ల్యాప్‌టాప్ ఆన్‌లోనే ఉంది. ఎవరి గొడుగు కింద ఎవరు నిలిచిరో. సుషీ, ల్యాప్‌టాప్ ఆన్‌లోనే ఉంది. ఆ ఒక్క ఎకో కూడా తోడై, ఉంది, ఉంది, ఉంది అని గది చివరిదాకా పోయింది.

ముందు ఒక బల్ల నవ్వింది. తర్వాత అన్నీ నవ్వాయి. గిరీష్ మొహం తెల్లబోయింది. ఆయన నా మొహం చూడట్లేదు, నా కాలు చూస్తున్నాడు. రెండో బటన్ తొక్కి పట్టుకుంటే చాలు, ఆ మాట ఉండదు. నా కాలు దానిమీదే ఉంది. ఆ చూపు నాకు తెలుసు. ఆర్కిటెక్టులు టెస్టర్లని చూసే చూపు, ఈ ఒక్క తప్పూ రాయకు అని.

తీసెయ్యలేదు. మొదటి బటనే తొక్కి, ఆయన మాట అయిపోయిన ఖాళీలో పాడాను.

"ఉండనీ... ఉండనీ."

ఇప్పుడు అది పాటైంది. గొడుగు పాదం వస్తుంది, ఆయన మాట వస్తుంది, నేను ఉండనీ అంటాను. రెండు తిప్పుళ్ళ తర్వాత మూల బల్ల దగ్గర ఎవరో కలిశారు. ఆ తర్వాత అందరూ "ఉండనీ" అనడం మొదలుపెట్టారు. ముందు వరసలో మా అత్త కాఫీ కప్పు పక్కన పెట్టి బల్ల మీద అరచేత్తో చరుస్తోంది, చెక్కల కంటే ముందుకి పోతూ. ఉరకమంటోంది.

పెడల్‌లో పట్టిన లూప్ ఉరకదు. ఉరకాలంటే ఉన్నదంతా చెరిపి, వేగంగా మళ్ళీ మొదటి నుంచి అల్లుకోవాలి. రెండో బటన్ తొక్కి పట్టుకున్నాను. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది, బయట వాన వినపడింది. మా అత్త చరుపుకి సరిగ్గా చెక్కలు కలిపి తొక్కాను. పాదం అందుకున్నాను, రెట్టింపు ఉరుకులో. పాదం అయిపోయింది. ఆయన మాట రావాల్సిన చోటు వచ్చింది. ఆ మాట ఇప్పుడు పెడల్‌లో లేదు.

గిరీష్ వైపు తిరిగి మైకు ముందుకి పట్టాను.

ఆయన ల్యాప్‌టాప్ వైపు చూశాడు. అందులో ఆ మాట లేదు. మంగళవారం అనలేదు కదా. గదంతా తన నోటి కోసం చూస్తోంది. బొంగురు గొంతుతో, సరిగ్గా చెక్క పడినచోట అన్నాడు.

"సుషీ, ల్యాప్‌టాప్ ఆన్‌లోనే ఉంది."

పెళ్ళయ్యాక ఆ మనిషి వెనకాల ఏదీ సిద్ధంగా పెట్టుకోకుండా అన్న మొదటి మాట అదే. గది ఉండనీ అంది.

అయిపోయాక వసంత గారు బిస్కట్ల పళ్ళెం తనే తీసుకొచ్చింది. ఫ్యామిలీ డే వాళ్ళకి ఏం చెప్పాలని అడగలేదు. గిరీష్ వైపు గడ్డం చూపించి నన్నడిగింది.

"గా సార్ గూడ శనివారం శనివారం వస్తడా?"

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వస్తాడన్నాను.

కార్లో ఫ్లైఓవర్ దిగాక గిరీష్ అడిగాడు. "నిజం చెప్పు సుషీ. నా గొంతు అంత ఘోరంగా ఉంటుందా?"

"పుట్టినప్పటి నుంచీ అంతే నాయనా," అంది మా అత్త వెనక నుంచి.

ఆ దసరాకి చర్చి, గుహ, స్టేడియం అన్నీ అట్టపెట్టెలో పడి అటక ఎక్కాయి. అనిల్ వచ్చి తన మతం గెలిచిందనుకుని మిఠాయి తెచ్చాడు. మా అత్త మంచం రెండో బెడ్‌రూమ్‌లోకి వెళ్ళింది. గోడల స్పాంజి కూడా పీకేస్తానని గిరీష్ నిచ్చెన తెస్తే ఆమె ఒప్పుకోలేదు. హాల్లో నువ్వు ఆఫీసు మీటింగుల్లో మాట్లాడేది లోపలికి వినపడకుండా ఉంటుంది, ఉండనీ అంది. ఆ స్పాంజి బయటి శబ్దాన్ని ఆపదని, లోపలి మోతని మాత్రమే తగ్గిస్తుందని గిరీష్ వివరంగా చెప్పబోయాడు. ఆమె తలుపేసుకుంది.